దీపము లేని ఊళ్ళు

జనము విడిచిపోయిన గ్రామమునకు రెవిన్యూ లెక్కలలో ఒక పేరున్నది: బేచిరాకు గ్రామము. పారసీ భాషలో ‘చిరాగ్’ అనగా దీపము. ‘బేచిరాగ్’ అనగా దీపము లేనిది. నవాబుల కచేరీలలో పుట్టిన ఈ మాట తెలుగు కరణాల నోట పడి, కొంచెము రూపు మారి, నేటికీ భూమి దస్త్రములలో బ్రతికియున్నది. ఇల్లు కూలినదా, గోడ నిలిచినదా అని ఆ లెక్క అడుగదు. ప్రొద్దు క్రుంకినప్పుడు దీపము పెట్టు మనిషి ఉన్నాడా, లేడా అన్నదే దానికి కావలసినది. మన పల్లెలలో ఇట్టి చోటును పాటిదిబ్బ అందురు. అక్కడి పాటిమన్నును రైతులు బండ్లకెత్తి పొలములకు తోలుకొందురు. ఆ ఊరు ఎందుకు పాడయినదని అడిగితే మాత్రము, మశూచి వచ్చినదనియో, గ్రామదేవత అలిగినదనియో, ఒక పతివ్రత శపించినదనియో జవాబు వచ్చును. ఒక రాత్రి, ఒక కారణము: కథ అంతటితో ముగిసిపోవును.

ఈ జవాబు తెలుగునాటికే ప్రత్యేకము కాదు. ఆగ్రానుండి పడమటగా బయలుదేరి, జయపురము మీదుగా జైసల్మేరు ఎడారి అంచువరకు పోవు సుమారు 900 కిలోమీటర్ల దారిలో, పేరుపొందిన పాడూళ్ళు మూడు తగులును. మొదటిది ఒక చక్రవర్తి కట్టించిన రాజధాని, రెండవది ఒక సామంతుని కోట, మూడవది బ్రాహ్మణ రైతుల గ్రామము. మోటారులో పోవు ప్రయాణికునికి ఇవి నాలుగైదు దినముల పని. మూడింటి దగ్గరను మూడు కథలు సిద్ధముగా ఉండును. ఆ కథలను విని, పిమ్మట రాళ్ళను, వ్రాతలను అడిగిచూచిన, అవి వేరొక సంగతి చెప్పును.

ఆగ్రానుండి 40 కిలోమీటర్లలోపే ఫత్తేపుర్ సిక్రీ. దూరమునుండి మొదట కానవచ్చునది బులంద్ దర్వాజా. చదునైన పొలముల నడుమ ఒక చిన్న రాతిగుట్ట, ఆ గుట్టమీద ఎర్రరాతి ద్వారము, దాని క్రింద కుప్పగా నేటి ఊరు. సంతానము లేక చింతించుచున్న అక్బరు ఇక్కడి సూఫీ ఫకీరు షేక్ సలీమ్ చిష్తీని ఆశ్రయించినాడనియు, 1569లో యువరాజు సలీమ్ ఇచ్చటనే జన్మించినాడనియు, ఆ సంతోషముచేత 1571లో చక్రవర్తి ఇక్కడ నగర నిర్మాణమునకు పూనుకొన్నాడనియు చరిత్ర పాఠములలో అందరు చదివినదే. గుజరాతు విజయముతో ఆ నగరమునకు ఫత్తేపుర్, అనగా విజయపురము, అన్న పేరు స్థిరపడినది. అయితే అక్బరుకు ముందు ఇక్కడ ఏమియు లేదనుకొనరాదు. 1999-2000లో జరిగిన త్రవ్వకములలో ఇచ్చట జైన శిల్పములు బయటపడినవి. వానిలో పదునొకండవ శతాబ్దపు ఆరంభమునకు చెందిన ఒక సరస్వతీ విగ్రహము కూడ ఉన్నది. 1527లో బాబరు రాణా సంగాతో పోరిన ఖాన్వా ఈ గుట్టకు దగ్గరనే ఉన్నది. గుట్ట పాతది, ఊరు పాతది, రాజధానియే కొత్తది.

ఆ కొత్త రాజధాని పదునాలుగేండ్లు వెలిగినది. 1575లో కట్టిన ఇబాదత్ ఖానాలో ముల్లాలు, పండితులు, జైన మునులు, పార్శీ అర్చకులు వాదించినారు. 1580లో గోవానుండి జెసూటు పాదరీలు వచ్చి కూర్చున్నారు. 1585లో వచ్చిన రాల్ఫ్ ఫిచ్ అను ఆంగ్ల వర్తకుడు, ఆగ్రా, ఫత్తేపుర్ రెండును విడివిడిగానే లండను కంటె పెద్దవనియు, రెంటి నడుమ దారి పొడవునా అంగళ్ళేననియు వ్రాసిపెట్టినాడు. నేడు ఆ దారిన పోవు బస్సు కిటికీలోనుండి ఆవపొలములు, ఇటుక బట్టీలు కానవచ్చును.

ఇట్టి నగరము ఎందుకు పాడయినది? ఇక్కడి మార్గదర్శకుని అడిగినను, చాలమంది బడిపంతుళ్ళను అడిగినను ఒకే జవాబు: నీళ్ళు లేక. వినుటకు ఇది శాపము కంటె శాస్త్రీయముగా తోచును. గుట్టకు వాయవ్యమున ఆనకట్ట కట్టి నిలిపిన పెద్ద చెరువు 1582లో తెగిన మాట నిజమే. కాని ఆ గండి పూడ్చబడినది. జహంగీరు 1619లో ఆగ్రాలో మహామారి చెలరేగినప్పుడు వచ్చి ఇక్కడనే కొన్ని నెలలు ఉన్నాడు. అప్పుడు చెరువు చుట్టుకొలత కొలిపించి, ఏడు కోసులని తన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నాడు. నీరు లేని చోట పాదుషా పరివారముతో నెలల తరబడి ఉండుట సాధ్యమా?

నిజమునకు జరిగినది అంత రసవత్తరమైనది కాదు. 1585 జులైలో కాబూలునేలు సవతి తమ్ముడు మీర్జా హకీమ్ మరణించినాడు. వాయవ్య సరిహద్దు చేయిజారునన్న భయముతో అక్బరు ఆ యేడే పంజాబుకు కదలినాడు. కాశ్మీరము, సింధు, కాందహారు ఒకదాని వెంట ఒకటి లొంగుచుండగా లాహోరు 1598వరకు చక్రవర్తికి నివాసమైనది. సభ ఎక్కడనో బజారు అక్కడనే. సైన్యము, కార్ఖానాలు, టంకసాల, వానిని నమ్ముకొన్న నేతగాండ్రు, వర్తకులు, వంటవారు, గుర్రపు సాహిణులు – అందరు రాజు వెంట నడచుటయో, ఆగ్రాకు తిరిగిపోవుటయో చేసినారు. ఎవ్వరును నగరమును పాడుపెట్టలేదు, ఎవ్వరును శపించలేదు. రాజు మరలి వచ్చునని కొందరు కొన్నేండ్లు ఎదురుచూచియుందురు. 1610 ప్రాంతమున వచ్చిన విలియం ఫించ్ కన్నులకు ఇక్కడ చాలభాగము శిథిలముగానే కానవచ్చినది.

ఐనను ఇది పూర్తిగా దీపము లేని ఊరు కాదు. సలీమ్ చిష్తీ దర్గా పాలరాతి జాలీలకు సంతానము కోరి దారములు కట్టు స్త్రీలు నేటికీ వచ్చుచునే ఉన్నారు. గుట్ట క్రింద ఊరిలో 2011 జనాభా లెక్కల ప్రకారము 30 వేలకు పైగా జనమున్నారు. రాతిపని ఇంకను కొందరికి కూడు పెట్టుచున్నది. పాదుషా పోయినాడు, ఫకీరు ఉండిపోయినాడు.

తెలుగు పాఠకునకు ఇక్కడ హంపి జ్ఞప్తికి రాక మానదు. 1565లో రాక్షస తంగడి యుద్ధము జరిగినది, విజయనగరము పాడయినది – ఈ రెండు వాక్యముల నడుమ మన జ్ఞాపకము ఏమియు ఉంచలేదు. కాని 1567లో అక్కడికి వచ్చి కొన్ని నెలలు గడపిన వెనీసు వర్తకుడు సీజరు ఫ్రెడరిక్, నగరము పూర్తిగా నాశనము కాలేదనియు, ఇండ్లు నిలిచియే ఉన్నవనియు, వానిలో మనుష్యులు మాత్రము లేరనియు వ్రాసినాడు. తిరుమలరాయలు సభను పెనుగొండకు తరలించిన పిమ్మట ఆ ఇండ్లకు మనుష్యులు తిరిగి రాలేదు. నగరమును కొల్లగొట్టినది శత్రువే, సందేహము లేదు; దానిని మరల నిలువనీయనిది మాత్రము పెనుగొండకు పోయిన సభ.

సిక్రీ దాటి భరతపురము మీదుగా జయపురపు రాజమార్గమున సాగి, దారిలో ఆభానేరి దగ్గర చాంద్ బావడిని చూచి పోవుట మంచిది. వేయేండ్లు దాటిన ఈ దిగుడుబావికి పదమూడు అంతస్తులు, సుమారు 3,500 మెట్లు. మెట్లమీదుగా చూపు క్రిందికి జారుచుండగా, ఈ దేశమున నీటికొరకు మనుష్యులు ఎంత లోతుకు దిగినారో తెలియును. ఆ మెట్ల సంగతి జైసల్మేరులో మరల ఎదురగును. అక్కడినుండి ఉత్తరముగా తిరిగి ఆరావళీ కొండలలోనికి పోయిన భాన్‌గఢ్ వచ్చును.

భాన్‌గఢ్ నేడు దేశమంతట పేరుపొందినది, దయ్యముల వలన. ప్రవేశద్వారము దగ్గర పురావస్తు శాఖవారి పలక ఒకటి ఉన్నది: సూర్యాస్తమయమునకు పిమ్మట, సూర్యోదయమునకు ముందు లోపలికి ప్రవేశము నిషిద్ధము. ఇట్టి నియమము శాఖవారి అధీనమున ఉన్న కట్టడములలో చాలవానికి ఉన్నదే. ఐనను ఇచ్చట ఆ పలకను చూచినవారు, సర్కారువారే దయ్యములను ఒప్పుకొన్నారని సంతోషముతో ఛాయాచిత్రములు తీసుకొని పోవుచుందురు.

శాపము ఇచ్చినదెవరో మాత్రము తేలలేదు, ఇద్దరున్నారు. ఒకడు బాలూనాథుడను యోగి. తన కుటీరముపై కోట నీడ పడరాదని నియమము పెట్టి ఊరు కట్టుటకు అనుమతించినాడట. పిమ్మటి రాజు ఒకడు మేడ ఎత్తు పెంచగా నీడ పడినదట. రెండవవాడు సింఘియా అను మాంత్రికుడు. రాకుమారి రత్నావతిని మోహించి ఆమె అత్తరునకు మంత్రము వేసినాడట. ఆమె కనిపెట్టి ఆ అత్తరును ఒక బండపై పోయగా బండ పొర్లివచ్చి వానిని నలిపివేసినదట. ప్రాణము విడుచుచు వాడు ఊరిని శపించినాడట. ఈ రెండు కథలలోను ఊరివారికి చేయవలసిన పని ఏదియు లేదు. యోగి, మాంత్రికుడు, రాజు, రాకుమారి – వీరే పాత్రలు. వేల జనము చచ్చిపోవుటకు మాత్రమే కథలోనికి వత్తురు.

రాళ్ళు చెప్పునది వేరు. ఆమేరు రాజు భగవంతదాసు 1573 ప్రాంతమున ఈ ఊరిని కట్టించి తన కుమారుడు మాధవసింహునకు ఇచ్చినాడు. అక్బరు సేనాని మానసింహునకు ఈ మాధవసింహుడు తమ్ముడు. కనుక భాన్‌గఢ్ పుట్టుక సిక్రీ పుట్టుకకు రెండేండ్ల వెనుక మాత్రమే. ఒకే సామ్రాజ్యపు సంపద రెండు చోట్లను రాయిగా మారినది. హనుమద్ద్వారము దాటగానే తిన్నగా సాగిపోవు బజారు, ఇరువైపుల వరుసగా అంగడి గదులు, చివర కొండవాలున మేడ. నడుమ గోపీనాథ, సోమేశ్వరాది దేవాలయములు. విచిత్రమేమనగా, ఇండ్లకు, అంగళ్ళకు పైకప్పులు లేవు. దేవాలయముల శిఖరములు చెక్కుచెదరక నిలిచినవి. పైకప్పు వేసిన నిలువదని కథ. కప్పు దూలములు కలపతో చేసినవి, దేవాలయము పూర్తిగా రాతిది అన్న సంగతిని కథ పట్టించుకొనదు. ఊరు విడిచిపోవు మనిషి దూలములు, తలుపులు ఊడదీసి బండిమీద వేసుకొనును. గుడి శిఖరమును వేసుకొనలేడు.

మాధవసింహుని మనుమడు అజబ్‌సింహుడు సమీపమున అజబ్‌గఢ్ కట్టించుకొన్నాడు. 1720లో సవాయి జయసింహుడు భాన్‌గఢ్‌ను తన రాజ్యమున కలుపుకొన్నాడు. ఏడేండ్లకు, 1727లో, జయపురమునకు పునాది వేసినాడు. కొత్త నగరమున వెడల్పు వీధులు, వర్తకులకు స్థలములు, రాజాశ్రయము. భాన్‌గఢ్ బజారులోని ఒక వస్త్రవ్యాపారి, లేక ఒక కంసాలి, ఆ వార్త విని ఏమి ఆలోచించియుండునో ఊహించుట కష్టము కాదు. అటుపిమ్మట 1783లో ఉత్తర హిందూస్థానమును కరవు క్రమ్ముకొన్నది. అది విక్రమ శకము 1840 అగుటచే దానిని ‘చాలీసా’, అనగా నలువదవ యేటి కరవు, అందురు. అప్పటికే పలుచనైన ఊరు ఆ కరవుతో ఖాళీ అయినదని చరిత్రకారుల అభిప్రాయము. రాజును పోగొట్టుకొనిన ఊరు, బజారును పోగొట్టుకొనిన ఊరు, వానను కూడ పోగొట్టుకొనిన నాడు లేచిపోయినది. ఇందులో మాంత్రికునకు పని లేదు. ఆశ్చర్యమేమనగా చాలీసా కరవు లక్షల మందిని బలిగొన్నది. దానిని ఇక్కడ ఎవ్వరును స్మరించరు. కథలోని రత్నావతికొరకు మాత్రము కన్నీరు కార్చువారున్నారు.

జయపురము, అజ్మీరు దాటి మార్వాడులో ప్రవేశించిన పిమ్మట నేల రంగు మారును. తుమ్మలు, ఖేజడీ చెట్లు పలుచబడును. జోధపురమునకు దక్షిణమున పాలీ అను పట్టణమున్నది. నేడది బట్టల అద్దకమునకు పేరుపొందినది. జైసల్మేరు పాడూళ్ళ కథ ఇక్కడనే మొదలగును. ఈ పట్టణమున నివసించిన బ్రాహ్మణులే పాలీవాలులు. పురోహితులు తక్కువ, వర్తకులు, వడ్డీ వ్యాపారులు, రైతులు ఎక్కువ. మధ్యయుగమున దండయాత్రల వలన పాలీని విడిచినారని వారి సంప్రదాయము. ఆ ఘోరము శ్రావణ పూర్ణిమనాడు జరిగినదని చెప్పుకొని పాలీవాలులలో పలువురు నేటికీ రాఖీ పండుగ జరుపుకొనరు. అనగా పడమటి ఎడారికి పోవునాటికే ఒక ఊరిని ఒక్కసారిగా విడిచిన జ్ఞాపకము వారి మూటలో ఉన్నది. ఈ సంగతిని మరువరాదు.

పోఖరణ్ మీదుగా జైసల్మేరు చేరువరకు దారి తిన్నగా, ఖాళీగా ఉండును. ఊరిలో కోటకు దిగువను ఒక హవేలి ఉన్నది. క్రింద సన్నగా, పైన నెమళ్ళ ఆకారపు రాతి కొడుంగలపై విస్తరించిన గవాక్షములతో ఓడ వలె కానవచ్చును. ఇది దివాను సాలిమ్ సింగ్ మెహతా హవేలి. ఈతని తండ్రి స్వరూపసింగు కూడ దివానే. రాజకుమారుని చేతిలో హతుడైనాడు. బాల్యముననే పగతోపాటు పదవిని వారసత్వముగా పొందిన సాలిమ్ సింగు, రావలు మూలరాజును పేరునకు సింహాసనముపై ఉంచి రాజ్యమంతటిని తానే ఏలినాడు. 1818లో జైసల్మేరు కుంఫిణీ ప్రభుత్వముతో సంధి చేసికొన్నది. దానితో రాజునకు బయటి శత్రువుల భయము తీరినది. ప్రజలకు దివాను భయము తీరలేదు. పాలీవాలులను పన్నులతోను, జుల్మానాలతోను పీడించి దేశము విడిచిపోవునట్లు చేసినాడని కర్నలు టాడు తన రాజస్థాన చరిత్రలో తీవ్రముగా నిందించినాడు. 1824లో సాలిమ్ సింగు మరణించినాడు. ఆతని హవేలి నిలిచినది. ఆతడు పీడించినవారి ఇండ్లు నిలువలేదు. యాత్రికులు ఉదయము ఆ హవేలికి టిక్కెట్టు కొని, సాయంకాలము ఆ ఇండ్లకు టిక్కెట్టు కొందురు.

ఆ ఇండ్లు జైసల్మేరుకు సుమారు 18 కిలోమీటర్ల దూరమున కుల్‌ధరాలో ఉన్నవి. పాడూరనగానే మనసులో మెదలు చిందరవందర ఇచ్చట లేదు. 861 మీటర్ల పొడవు, 261 మీటర్ల వెడల్పుగల దీర్ఘచతురస్రము. ఉత్తర దక్షిణములుగా మూడు వీధులు, వానిని అడ్డముగా కోయు సందులు, నడుమ దేవాలయము. 410 ఇండ్ల శిథిలములు లెక్కకు వచ్చినవి. వెలుపల మరి రెండువందలున్నవి. పసుపు రాతి గోడలు నడుము ఎత్తున, భుజము ఎత్తున నిలిచియున్నవి. గోడలోని గూటిలో మసి లేదు. ఇంటిముందు బండి నిలుపు చోటు, లోపల మండువా, మూలను వంటిల్లు: ఏ గది దేనికొరకో పల్లెటూరి మనిషికి వేరుగా చెప్పనక్కరలేదు. శ్మశానములోని స్మారక శిలలపై భట్టిక సంవత్సర గణనలో తేదీలున్నవి. వాని ప్రకారము క్రీ.శ. 1235 నాటికే ఇచ్చట జనము పుట్టి, గిట్టుచున్నారు.

కథ ఇట్లున్నది. గ్రామపెద్ద కుమార్తెపై సాలిమ్ సింగు కన్ను పడినది. ఆమెను తనకు ఇయ్యనిచో ఊరిపై పడి తీసుకొనిపోదునని గడువు పెట్టినాడు. 84 గ్రామముల పాలీవాలులు ఒకచోట కూడి, మానము కంటె ఊరు ఎక్కువ కాదని నిశ్చయించి, ఒక్క రాత్రిలో అన్నిటిని విడిచి, మరెవ్వరును ఇక్కడ బ్రతుకకుండునట్లు శపించి, చీకటిలో మాయమైనారు. ఎచ్చటికి పోయినారో నేటికీ ఎవ్వరికిని తెలియదు – ఈ వాక్యముతో మార్గదర్శకుడు కొంచెము ఆగును.

తెలియకపోవుటకేమున్నది? పాలీవాలులు బికనేరులో ఉన్నారు, జోధపురములో ఉన్నారు, మధ్యభారతమున ఉన్నారు. ఇంటిపేరుగా ఆ మాటనే ధరించియున్నారు. ఒక్క రాత్రి సంగతి చూతము. లక్ష్మీచంద్ అను ఆయన 1899లో వెలువరించిన ‘తవారీఖ్-ఎ-జైసల్మేర్’ అను చరిత్రలో 1890 నాటి కుల్‌ధరాకు 117 ఇండ్లు, 37 మంది జనము అని లెక్క ఉన్నది. సాలిమ్ సింగు చచ్చి అప్పటికి 66 ఏండ్లు. శపింపబడి నిర్జనమైన గ్రామమున ఇంకను 37 మంది వంట వండుకొనుచున్నారు!

ఈ 37 మందే ఈ యాత్రలో అందరికంటె ముఖ్యులు. వారిని కథ మింగివేసినది. వారి పేర్లు లేవు. ఎందుకు ఉండిపోయినారో వ్రాసినవారు లేరు. ముసలివారు కావచ్చును, పోవుటకు మరొక చోటు లేనివారు కావచ్చును, బావి వట్టిపోలేదను మొండిపట్టు గలవారు కావచ్చును. ఇరుగుపొరుగు గోడలు ఒక్కొక్కటిగా కూలుచుండగా, వాడని వీధిలో ఇసుక పేరుకొనుచుండగా వారు సాయంకాలము దీపము వెలిగించినారు. రెవిన్యూ లెక్కలో అది ఇంకను బేచిరాకు గ్రామము కాదు.

గ్రామమును పరిశోధించిన చరిత్రకారులు నీటివైపు వ్రేలు చూపినారు. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమునకే బావులలో చాలభాగము ఎండినవి. 1850 నాటికి ఒక దిగుడుబావి, మరి రెండు లోతుబావులు మాత్రమే పనికివచ్చుచున్నవి. 2017లో కొందరు భూవిజ్ఞానులు కూలిన గోడల తీరు చూచి భూకంపమును కూడ కారణముగా ప్రతిపాదించినారు. వీనిలో ఏ ఒక్కటియో నిజమని, తక్కినవి అబద్ధమని అనుటకంటె, ఇవి ఒకదానిపై ఒకటి ఎట్లు పనిచేసినవో చూచుట మేలు. ఎడారి సేద్యము ఒంటరి రైతు చేయగలది కాదు. కట్టలు, కాలువలు ఊరంతయు కలిసి బాగుచేసుకొనవలెను. పది కుటుంబములు పోయిన ఆ పని తక్కినవారి నెత్తిన పడును. పన్ను మాత్రము తగ్గదు; దివాను లెక్క మనుష్యులను బట్టి కాక గ్రామమును బట్టి సాగినచో ఉన్నవారే లేనివారి వంతు చెల్లించవలెను. ఇక మరి పదిమంది పోవుదురు. సాలిమ్ సింగు నిర్దోషి అనుటకు ఇది వాదము కాదు. కాని కథ ఆతనిని కాముకునిగా చేసి, అసలు నేరమును చిన్నదిగా చేసినది. ఒక స్త్రీపై కన్ను వేయుట ఒక దుర్మార్గుని పాపము. నీరు తగ్గిన యేటను పన్ను తగ్గింపకుండుట ఒక ప్రభుత్వపు పద్ధతి. దుర్మార్గుడు చచ్చిన కథ ముగియును. పద్ధతి ఆతనితో చావదు.

సిక్రీలో రాజు పోయిన ఊరికి నీటి కథ చెప్పుదురు. కుల్‌ధరాలో నీరు పోయిన ఊరికి రాజుల కథ చెప్పుదురు. ఒక్క రాత్రిలో నిజముగా మాయమైన ఊరు ఈ దేశమున లేకపోలేదు. 1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి తుపానులో రామేశ్వరము చివరనున్న ధనుష్కోటి సముద్రము పాలైనది. వచ్చుచున్న రైలుబండి కూడ మునిగినది. అక్కడ తుపాను అందరు ఎరిగినదే. శాపము ఎవ్వరికిని కావలసిరాలేదు. మెల్లగా, ఎవరికిని తెలియకుండ, ఏండ్లు పట్టి చచ్చు ఊళ్ళకే శాపము కావలసివచ్చును. ఇక కుల్‌ధరా కథలోని ఆ రాత్రి ఎచ్చటినుండి వచ్చినది? పాలీనుండి మూటలో తెచ్చుకొనిన రాత్రియే మరల వాడుకొనబడినదని ఊహించుట తప్పు కాకపోవచ్చును. కొసరి కొసరి ఊరు విడిచినవారి మనుమలు, మా తాతలు అప్పులకు, పన్నులకు జడిసి పోయినారు అని చెప్పుకొనుట కంటె, మానముకొరకు ఒక్క మాటమీద లేచిపోయినారు అని చెప్పుకొనుటకే ఇష్టపడుదురు. ఆ ఇష్టమును ఎగతాళి చేయరాదు. ఐనను దానికి చెల్లించిన మూల్యమొకటి ఉన్నది: వారి తాతలకు తెలిసిన విద్య ఆ కథలోనుండి జారిపోయినది.

ఏడాదికి 200 మిల్లీమీటర్లయినను వాన పడని నేలపై ఆరు శతాబ్దములు వందల ఇండ్ల గ్రామము ఎట్లు నిలిచినది? ఎందుకు చచ్చినదను ప్రశ్నకంటె ఇదియే పెద్ద ప్రశ్న. హిందీ రచయిత అనుపమ్ మిశ్ర ‘రాజస్థాన్ కీ రజత్ బూందేఁ’ అను గ్రంథమున (1995) ఎడారి ప్రజలు నీటిని మూడుగా విభజించిన తీరు చెప్పినాడు. ఆకాశమునుండి పడి నేలపై నిలుచునది పాలర్ పానీ. లోతున బావిలో దొరకునది పాతాళ్ పానీ; జైసల్మేరు ప్రాంతమున అది తరచు ఉప్పన. ఈ రెంటి నడుమ, ఇసుకలో ఇంకి, క్రిందనున్న ఖడియా రాతి పొర అడ్డుకొనగా పాతాళపు ఉప్పుతో కలియక తడిగా నిలుచునది రేజాణీ పానీ. మన గోదావరి జిల్లాల రైతునకు నీరొక్కటే. మహా అయిన కాలువ నీరు, బావి నీరు. నీటికి ఇన్ని పేర్లు పెట్టుటకు ఎంత దాహము, ఎంత ఓపిక కావలెనో!

పాలీవాలులు ఈ విద్యను సేద్యమునకు త్రిప్పినారు. దాని పేరు ఖడీను. ఎగువన రాతినేల, దిగువన పల్లము. పల్లమునకు అడ్డముగా మట్టికట్ట. వర్షాకాలమున పడిన కొద్ది వాన రాతిపై ఇంకక జారివచ్చి కట్ట వెనుక నిలుచును. ఒక ఎకరము ఖడీనుకు ఎగువన పది పదిహేను ఎకరముల రాతినేల కావలెను. అనగా పదిహేను ఎకరముల వాన ఒక ఎకరమున కురిసినట్లు. నీటితోపాటు ఒండ్రు, పశువుల పేడ కొట్టుకొని వచ్చి నేలకు బలమిచ్చును. ఎక్కువైన నీరు పోవుటకు కట్టలో కలుజు ఉండును. చలి మొదలగునప్పటికి నీరు నేలలోనికి ఇంకును. మిగిలినది తూమునుండి వదలుదురు. ఆ తడినేలలో గోధుమ, శనగ చల్లుదురు. పిమ్మట ఒక్క తడి కూడ పెట్టకయే పంట ఇంటికి వచ్చును. మన చెరువు వెనుక శిఖము భూమిలో నీరు తీసినకొలది పంట వేయు రైతునకు ఈ పద్ధతి బొత్తిగా కొత్త కాదు. కాని ఇక్కడ చెరువే పొలము.

కుల్‌ధరా ద్వారమును సాయంకాలము మూసివేయుదురు. అప్పుడు యాత్రికుల మోటారులన్నియు ఇసుకతిన్నెలమీద సూర్యాస్తమయము చూచుటకు తొందరపడి పోవును. ఆ దారి విడిచి, ఖాభా వైపు, అటుపిమ్మట చిన్న చిన్న ఊళ్ళ నడుమ కొంత దూరము పోయినచో, రాతిగుట్టల నడుమ పల్లపు నేలలలో పాలీవాలుల కాలపు మట్టికట్టలు అక్కడక్కడ కానవచ్చును. వానిలో కొన్ని తెగిపోయినవి. కొన్నింటిని, పాలీవాలులు కాని ఇతర కులముల రైతులు, ఏటేట మన్ను వేసి నిలుపుకొనుచున్నారు. పుష్య మాసమున పోయినవానికి, చుట్టును బూడిదరంగు రాతినేల నడుమ, కట్టనానుకొని మోకాలెత్తున పచ్చని గోధుమ చేను కానవచ్చును. కట్ట చివర ఒక గుడిసె, గుడిసెముందు మంచము, చేను కాయు మనిషి. చీకటి పడగానే ఆతడు లాంతరు వెలిగించును.